దయ్యం గోడు వినే ప్రేమకథ

జపాన్ యానిమేషన్ సీరియల్ 'డాన్ డా డాన్' ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: ఏడో ఎపిసోడ్ అద్భుతం, మిగతాదంతా అల్లరి. ఆ ఒక్క ఎపిసోడ్‌నే విడిగా చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లున్నారు. అంతటి విషాదాన్ని చేతిలో పెట్టుకుని ఈ కోతి చేష్టలు, ఈ పరుగులు, ఈ కేకలు దేనికని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. ఈ విడదీత నాకు బొత్తిగా నచ్చదు. ఈ కథలో భయం ఒక గదిలో, నవ్వు ఇంకో గదిలో, ప్రేమ వేరే గదిలో లేవు. మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: ఎవరూ నమ్మని మనిషి చెప్పేది ఎవరు వింటారు? దీన్ని పట్టుకోకుండా చూస్తే ఇది రంగురంగుల గందరగోళంలాగే కనిపిస్తుంది. పట్టుకుని చూస్తే ఈ మధ్య వచ్చిన ప్రేమకథల్లో ఇంత శ్రద్ధగా అల్లినది మరొకటి లేదని నేను గట్టిగా చెబుతాను.

చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. యుకినోబు తత్సు గీసిన ఈ మాంగా (జపాన్ బొమ్మల కథ) 2021 ఏప్రిల్‌లో జపాన్ ఆన్‌లైన్ పత్రిక 'షోనెన్ జంప్ ప్లస్'లో మొదలైంది. సైన్స్ సారు స్టూడియో దాన్ని అనిమేగా, అంటే యానిమేషన్ సీరియల్‌గా తీసింది. ఫూగా యమషిరో దర్శకుడు, కెన్సుకే ఉషియో సంగీతం. 2024 అక్టోబరులో మొదటి సీజన్, 2025 జులైలో రెండోది వచ్చాయి. ఒక్కోదానిలో పన్నెండు ఎపిసోడ్లు.

మోమో అయాసే హైస్కూలు అమ్మాయి. తనను చులకనగా చూసే ప్రియుడితో అప్పుడే తెగతెంపులయ్యాయి. ఆ చిరాకులో ఉండగా, తరగతిలో ఒంటరిగా కూర్చుని వింతల పత్రిక చదువుకుంటున్న కుర్రాణ్ని మిగతావాళ్లు ఏడిపించడం చూసి అడ్డుపడుతుంది. అంతే, ఆ కుర్రాడు ఆమె వెంటపడి గ్రహాంతరవాసుల గురించి ఆపకుండా మాట్లాడతాడు. అతనికి గ్రహాంతరవాసుల మీద నమ్మకం, దయ్యాలంటే కొట్టిపారేస్తాడు. ఆమె బామ్మ సెయికో ఆత్మలతో మాట్లాడే మనిషి కాబట్టి ఆమెకు దయ్యాలంటే నమ్మకం, గ్రహాంతరవాసులంటే నవ్వు. పంతం పడతారు. గ్రహాంతరవాసులు తిరుగుతారని పేరుపడ్డ పాడుబడిన ఆసుపత్రికి ఆమె, దయ్యం ఉందని చెప్పుకునే సొరంగానికి అతను వెళతారు. రెండూ ఉన్నాయి. ఇద్దరి మాటా నిజమే.

ఈ పందెం కథను నడిపించడానికి దొరికిన సాకు మాత్రమే కాదు. మోమో చిన్నప్పుడు బామ్మ చెప్పినవన్నీ నమ్మి, తోటి పిల్లల ముందు నవ్వులపాలైంది. ఆ అవమానం బామ్మ మీద కోపంగా మారింది. ఆ కుర్రాడికి చిన్నప్పటి నుంచీ స్నేహితులు లేరు. మనుషులు దగ్గరకు రానివ్వకపోతే ఆకాశం నుంచి ఎవరైనా వస్తారేమోనని ఆశపడ్డాడు. ఇద్దరూ తమ నమ్మకం వల్లే వెలివేతకు గురైనవాళ్లు. అలాంటి ఇద్దరు ఒకరి నమ్మకాన్ని ఒకరు ఎగతాళి చేసుకుంటూ పరిచయమవుతారు. తెల్లవారేలోపు, నువ్వు చెప్పింది నిజమేనని ఒకరికొకరు సాక్ష్యం పలకాల్సి వస్తుంది. ప్రేమ మొదలవడానికి ఇంతకంటే గట్టి కారణం నాకు తోచదు. అందం చూసి, పాట పాడి, వానలో తడిసి మొదలయ్యే ప్రేమలు చాలానే చూశాం. వీళ్ల ప్రేమ, ఎదుటి మనిషి పిచ్చివాడు కాడని తెలియడంతో మొదలవుతుంది.

ఇక నవ్వు సంగతి. ఆ కుర్రాడి అసలు పేరు కెన్ తకకురా. అదే పేరున్న జపాన్ సినీనటుడు, 2014లో కన్నుమూసిన మహానటుడు, మోమోకు ఆరాధ్యదైవం. మాట తక్కువ, మనసులో ఉన్నది పైకి చెప్పలేని, మొహమాటపు మగవాడి పాత్రలకు ఆయన పెట్టింది పేరు. మోమో కలలుగనేది అలాంటి మనిషి కోసమే. ఆ పేరు పెట్టుకుని ఈ బక్కపలచని, కళ్లద్దాల కుర్రాడు ఎదురుగా నిలబడేసరికి ఆమెకు దిక్కుతోచదు. ఆ పేరుతో పిలవడం తన వల్ల కాదని 'ఒకారున్' అని ముద్దుపేరు పెడుతుంది. ఇదంతా నవ్వించడానికే అనిపిస్తుంది. కానీ కథ ముందుకు వెళ్లే కొద్దీ, ఈ కుర్రాడు ఆ నటుడి పాత్రలలాగే మాట తడబడే, మాట నిలబెట్టుకునే మనిషని తేలుతుంది. ఆమె వెతుకుతున్న మనిషి వేరే రూపంలో దొరికాడు.

అతను ఆమెను ఎప్పుడూ 'అయాసే గారు' అనే పిలుస్తాడు. కలిసి చావు నుంచి బయటపడ్డాక కూడా మన్నన వదలడు. ఆమె మాత్రం మొదటి రోజు నుంచీ బజారు మాటల్లో, చనువుగా, గదమాయిస్తూ మాట్లాడుతుంది. జపనీస్ తెలియకపోయినా ఈ తేడా చెవికి అందుతుంది. మీరు, నువ్వుల మధ్య ఎంత దూరముందో, ఆ దూరాన్ని దాటడానికి కొందరికి ఎంత కాలం పడుతుందో తెలుగువాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

సొరంగంలో ఒకారున్‌ను పట్టుకున్నది టర్బో ముసలమ్మ. కార్లతో పోటీపడి పరుగెత్తే ముసలిదాని గురించి జపాన్ కుర్రకారు చెప్పుకునే వదంతి నుంచి పుట్టిన పాత్ర ఇది. ఆమె అతన్ని శపించి, అతని మర్మాంగాలను మాయం చేస్తుంది. అవును, కథ చాలా దూరం వాటిని వెతకడం చుట్టూనే తిరుగుతుంది. చాలామంది ముఖం చిట్లించేది ఇక్కడే. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఆ హాస్యం చేసే పని చూడండి. ప్రేమలో పడుతున్న పదహారేళ్ల కుర్రాడికి తన శరీరం గురించి సిగ్గు తప్ప మరొకటి తెలియదు. తన లోపాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ఆ అమ్మాయికే చెప్పుకోవాల్సిన గతి అతనికి పట్టింది. ఆమె నవ్వుతుంది, విసుక్కుంటుంది, ఆ తర్వాత వెతకడానికి బయలుదేరుతుంది. గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ మిగలని స్థితిలో ఒకరి ముందు ఒకరు నిలబడటం ఈ ప్రేమకు పునాది. దాన్ని గంభీరంగా చెప్పి ఉంటే ఎవరికీ ఎక్కేది కాదు.

శాపం వల్ల వచ్చిన శక్తి అతనికి వేగం ఇస్తుంది, ఉత్సాహం మాత్రం ఇవ్వదు. జుట్టు తెల్లబడి, నోటి చుట్టూ పళ్ల ముసుగు తొడుక్కుని అతను దయ్యపు రూపంలోకి మారినప్పుడు వీరావేశం రాదు. భుజాలు జారిపోతాయి, మనసంతా నీరసంగా ఉందని గొణుగుతాడు. శక్తి రాగానే ఛాతీ విరిచి నిలబడే కథానాయకులు ఎందరినో చూసిన నాకు ఈ నీరసపు వీరుడు ఎంతగానో నచ్చాడు. పైగా, ఆ శాపం అతన్ని పూర్తిగా మింగకుండా ఆపేది, ఆ రాత్రే మోమోలో మేలుకున్న అతీంద్రియ శక్తే. ఆమె పట్టు సడలితే అతను ముసలమ్మ వశమవుతాడు. పోరాటం జరుగుతున్నంతసేపూ ఒకరి ప్రాణం ఒకరి చేతిలో ఉంటుంది. ప్రేమ సన్నివేశమంటూ విడిగా పెట్టాల్సిన అవసరమే లేదు.

ఆ ముసలమ్మ నుంచే కథ తన అసలు స్వభావం బయటపెడుతుంది. నోరు తెరిస్తే బూతులు, చేతికి దొరికినవాళ్లను పీడించడం, ఇంతవరకూ ఆమె పచ్చి దుష్టశక్తి. సెయికో మాత్రం మరో సంగతి చెబుతుంది. ఘోరంగా చనిపోయిన ఆడపిల్లల ఆత్మలు తిరిగే చోట్ల ఈ ముసలమ్మ కనిపిస్తుంది, వాళ్లను ఓదారుస్తుంది. సొరంగంలో ముసలమ్మతో కలిసిపోయి రాక్షసపీతలా వెంటాడినది ఆ పిల్లల వేదనే. ఒక్క మాటతో అప్పటిదాకా చూసిన భయమంతా కొత్త అర్థంలోకి తిరుగుతుంది. దాన్ని చెప్పి కథ ఆగి కన్నీళ్లు పెట్టించదు. ఓడిపోయిన ముసలమ్మను పిల్లి బొమ్మలో కూర్చోబెట్టి, మోమో ఇంట్లో ఒక మనిషిగా కలిపేస్తుంది. ఆ బొమ్మలోంచి ఆమె తిడుతూనే ఉంటుంది, తిడుతూనే ఒకారున్‌కు పోరాటం నేర్పుతుంది. ఆమెకు గొంతు ఇచ్చిన మయుమి తనక, 'వన్ పీస్' అనే మరో అనిమేలో లూఫీ పాత్రకు దశాబ్దాలుగా గొంతు ఇస్తున్న నటి. ఆ గొంతులోని పిల్లతనం ఈ ముసలిదానిలోనూ ఎక్కడో తొంగిచూస్తుంది.

జపాన్‌లో ఇది కొత్తగా పుట్టిన ఊహ కాదు. సుగవారా నో మిచిజానె అనే పండితుణ్ని 901లో రాజధాని నుంచి దజైఫుకు వెళ్లగొట్టారు. 903లో అక్కడే చనిపోయాడు. ఆ తర్వాత రాజకుటుంబంలో మరణాలు, 930లో రాజప్రాసాదం మీద పిడుగు. అంతా ఆయన ఆత్మ ఆగ్రహమేనని భయపడి, చివరికి క్యోటోలో కితానో గుడి కట్టి పూజించారు. ఆ పగబట్టిన ఆత్మే ఇప్పుడు చదువుల దేవుడు. పరీక్షల ముందు జపాన్ విద్యార్థులు వెళ్లి మొక్కేది ఆయనకే. 1825లో మొదటిసారి ఆడిన ఒక కబుకీ (జపాన్ సంప్రదాయ రంగస్థలం) నాటకంలో భర్త మోసంతో చనిపోయిన ఒయివా దయ్యమై వస్తుంది. ఆమె పాత్ర వేసే ముందు నటులు ఆమె పేరిట ఉన్న గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకునే ఆనవాయితీ ఇప్పటికీ ఉంది. అన్యాయమైపోయినవాళ్ల కోపానికి విలువ ఇవ్వాలి, వాళ్లకు ఒక చోటు చూపించాలి అన్నది అక్కడి నమ్మకం. మన ఊళ్లలో పేరంటాళ్లను కొలిచే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది పరాయిగా అనిపించదు. అకాలంగా పోయిన ఆడవాళ్లకు చీర, రవికె, పసుపు కుంకుమలు పెట్టి ఇంటి ఆడపడుచులా తలచుకోవడంలో ఉన్నది కూడా ఇలాంటి భయమే, ఇలాంటి ఆప్యాయతే.

తెరమీద మనకు అలవాటైన దయ్యం కథల్లో ఆ ఆప్యాయత కరవైంది. దయ్యానికి ఒక గతం ఉంటుంది, నిజమే. ఆ గతం పగకు అనుమతిపత్రంలా పనికొస్తుంది. విలన్ చచ్చాక దయ్యం తెల్లచీరతో నవ్వి వెళ్లిపోతుంది, బతికున్నవాళ్ల మీద ఏ బాధ్యతా మిగలదు. 'డాన్ డా డాన్' ఆ దారిన పోలేదు. అందుకు సాక్ష్యం ఏడో ఎపిసోడ్.

అక్రోబాటిక్ సిల్కీ ఎర్ర దుస్తుల్లో, నేలను తాకే జుట్టుతో, విపరీతమైన పొడవుతో కనిపించే ఆత్మ. ఐరా అనే అమ్మాయిని తన బిడ్డేనంటూ వెంటాడుతుంది. పోరాటంలో ఐరా ప్రాణం పోతుంది. ఆమెను బతికించడానికి సిల్కీ తన ప్రాణశక్తిని ఇస్తానంటుంది. ఆ శక్తిని ఒకరి నుంచి తీసి మరొకరికి చేర్చేది మోమో చేతులు. చేర్చేటప్పుడు సిల్కీ జ్ఞాపకాలు మోమో కళ్ల ముందు తిరుగుతాయి.

ఇక్కడ దర్శకుడు మాటలను దాదాపు పక్కనపెట్టేశాడు. ఒక చిన్న ఇల్లు. ఒంటరి తల్లి, ఒక కూతురు. తల్లి పగలూ రాత్రీ తేడా లేకుండా దొరికిన పనల్లా చేస్తుంది, శరీరాన్ని అమ్ముకునే పని కూడా. కూతురికి నాట్యమంటే ప్రాణం. కూడబెట్టిన డబ్బుతో తల్లి ఎర్ర గౌను కొనిస్తే అది వేసుకుని గదిలో గిరగిర తిరుగుతుంది. అప్పులవాళ్లు వస్తారు. తల్లిని కొట్టి పిల్లను ఎత్తుకుపోతారు. తల్లి ఒంటినిండా దెబ్బలతో, చెప్పులు లేకుండా, అందదని తెలిసిన బండి వెనక పరుగెత్తుతుంది. ఆ తర్వాత ఆమె ఒక మేడ మీద ఉంటుంది, కూతురు ఆడినట్టే ఆడుతూ. ఆడుతూ ఆడుతూ అంచు దాటుతుంది.

అంతకు ముందు ఎపిసోడ్లో మనం భయపడినవన్నీ ఇక్కడ ఒక్కొక్కటిగా తిరిగి ఎదురవుతాయి. ఆ వంకర్లు తిరిగే ఒళ్లు దయ్యపు విన్యాసం కాదు, పాప నాట్యం. ఆ ఎర్రదనం పాప గౌనుది. ఆ వెంటాడటం అందకుండా పోయిన ఆ బండి వెనక పరుగు. మనల్ని భయపెట్టడానికి వాడిన ప్రతి వస్తువుకూ ఒక తల్లి జీవితంలో చిరునామా ఉంది. దీన్ని విడిగా ఒక్క ఎపిసోడ్‌గా చూసినవాళ్లకు కథ అర్థమవుతుంది, ఏడుపూ వస్తుంది. కానీ తాము ఆ తల్లిని చూసి జడుసుకున్నామన్న సంగతి, ఆమె పరుగు చూసి నవ్వామన్న సంగతి వాళ్ల అనుభవంలో ఉండదు. ఆ రెండూ ఉన్నవాడికే ఈ దృశ్యం గుండెల్లో దిగుతుంది.

ఐరా ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు మరింత నలిపేస్తుంది. ఐరా చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకుంది. ఆ రోజుల్లో ఒకసారి దారిలో ఈ ఆత్మ కనబడితే 'అమ్మా?' అని పిలిచింది. బిడ్డను పోగొట్టుకున్న ఆత్మకు ఆ ఒక్క పిలుపు చాలింది. సిల్కీ శక్తి అంతా ఇచ్చేశాక, తీరని బాధతో కరిగిపోయే ఆత్మ శూన్యంలో కలిసిపోతుందని, ఎవరి జ్ఞాపకంలోనూ మిగలదని తెలుస్తుంది. లేచిన ఐరా అప్పటిదాకా తనను చంపబోయిన ఆ ఆకారాన్ని కౌగిలించుకుంటుంది. అమ్మా, నువ్వంటే నాకు ఇష్టమని చెబుతుంది. అది అబద్ధమని వాదించవచ్చు. నేను వాదించను. ఆ తల్లికి కావలసిన మాట అది, చెప్పగలిగిన మనిషి అక్కడ ఉన్నది ఆమె ఒక్కతే. సిల్కీకి గొంతు ఇచ్చిన కికుకో ఇనోవె ఆ క్షణాల్లో రాక్షస స్వరం నుంచి తల్లి స్వరానికి దిగివచ్చే తీరు కోసం ఆ ఎపిసోడ్‌ను జపనీస్‌లోనే చూడమని బతిమాలుతాను.

గోడు వింటే అంతా సర్దుకుంటుందని కథ ఇక్కడే ముగిసి ఉంటే అది తేలికైన ఓదార్పయ్యేది. రెండో సీజన్ ఆ ఓదార్పును పరీక్షకు పెట్టింది. మోమో చిన్ననాటి స్నేహితుడు జిజి కుటుంబం ఒక శాపగ్రస్తమైన ఇంట్లో చేరుతుంది. అగ్నిపర్వతం పేలకుండా ఉండాలంటే పిల్లలను బలివ్వాలని నమ్మిన ఊరది. గదిలో బంధించిన ఒక బిడ్డ, బయట ఆడుకుంటున్న పిల్లలను చూస్తూ చచ్చిపోయిన బిడ్డ, అక్కడ 'ఈవిల్ ఐ' అనే పగబట్టిన ఆత్మగా మిగిలాడు. జిజి జాలిగుండె మనిషి. ఆ గతం చూసి ఏడుస్తాడు, నీతో నేను ఆడుకుంటానంటాడు. ఆ జాలే ద్వారం తెరుస్తుంది. ఆత్మ అతని ఒంట్లోకి దూరి, మనుషులందరినీ చంపుతానంటుంది. చన్నీళ్లు పడితే జిజి పోయి ఆ ఆత్మ వస్తుంది, వేణ్నీళ్లు పడితే మళ్లీ జిజి. ఎంత భయంకరమో అంత నవ్వు తెప్పించే ఏర్పాటు. ఇంట్లో ఎవరైనా నీళ్ల గ్లాసు ఎత్తితే చాలు, గుండె ఝల్లుమంటుంది.

దయ చూపినంత మాత్రాన ఎదుటివాడి పగ చల్లారదు. ఈ చేదు నిజాన్ని చెబుతూనే, దయ చూపడం తప్పని మాత్రం కథ అనదు. ఒకారున్ ఆ ఆత్మతో చావుదప్పి కొట్లాడి, చివరికి ఒక ఒప్పందానికి వస్తాడు: వారం వారం నాతో పోరాడు, ఈలోపు మరెవరి జోలికీ వెళ్లకు. ఆటకు మొహంవాచి చనిపోయిన బిడ్డకు ఇది ఆటే. ఆ ఆత్మను తరిమికొట్టలేదు, మోక్షమూ ఇవ్వలేదు. వారానికి ఒకసారి దెబ్బలు తినడానికి ఒక స్నేహితుడు ఒప్పుకున్నాడు. ఏడో ఎపిసోడ్ కంటే ఇదే గొప్ప ఆలోచన అని నా అభిప్రాయం, అది ఏడిపించకపోయినా సరే.

ఇరవై నాలుగు ఎపిసోడ్లు గడిచినా మోమో, ఒకారున్‌ల ప్రేమ అంగుళం కదలలేదని ఫిర్యాదు చేసేవాళ్లకు నాదొక ప్రశ్న. అతను మరో అమ్మాయితో మాట్లాడితే ఆమె ముఖం మాడ్చుకోవడం, స్కూల్లో ఒకరినొకరు వెతుక్కుంటూ నడవల్లో తప్పిపోవడం, తీరా ఎదురుపడ్డాక చెప్పడానికి మాటే లేకపోవడం కదలిక కాదా? దయ్యాల ముందు నోరు మూతపడని ఇద్దరికి ఒకరి ముందు ఒకరికి మాట పెగలదు. పదహారేళ్ల ప్రేమ ఇలాగే ఉంటుంది. 'నువ్వంటే ఇష్టం' అన్న మాట ఎంత ఆలస్యమైతే అంత మంచిదని నేను కోరుకుంటున్నాను.

ఇంత ఇష్టపడే కథ మీద నాకు తీరని కోపం కూడా ఒకటి ఉంది. మొదటి ఎపిసోడ్‌లో గ్రహాంతరవాసులు మోమోను బంధించి, బట్టలు లాగేసి, అత్యాచారానికి సిద్ధపడతారు. ఆ దృశ్యాన్ని సగం భయానకంగా, సగం తమాషాగా తీశారు. మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ అంతకంటే అన్యాయం. వేడినీటి బుగ్గలో ఒంటరిగా స్నానం చేస్తున్న మోమో దగ్గరకు మగవాళ్లు చొరబడటం దగ్గర ఆపేశారు. తర్వాత ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠ కోసం ఆ అమ్మాయిని ఆ స్థితిలో 2024 డిసెంబరు నుంచి 2025 జులై దాకా వేలాడదీశారు. మాంగాలో ఉన్నదే తీశారని సమర్థించేవాళ్లు, తెరకు తగ్గట్టు మార్చిన మిగతా వందల విషయాలు మరచిపోతున్నారు. ఎక్కడ ఎపిసోడ్ ఆపాలన్నది పూర్తిగా అనిమే తీసినవాళ్ల నిర్ణయం.

నా అభ్యంతరం మర్యాద గురించి కాదు. సిల్కీ శరీరం మీద జరిగిన ప్రతి హింసకూ బరువు ఇచ్చిన కథ ఇది. సొరంగంలోని ఆడపిల్లల వేదనను ఒక్క వాక్యంలో గుండెకు గుచ్చిన కథ. అదే చేత్తో, బతికున్న కథానాయిక భయాన్ని ప్రేక్షకుణ్ని కట్టిపడేసే గాలంగా వాడుకుంది. చచ్చిన ఆడవాళ్ల గోడు వినగలిగినవాళ్లకు, మోమోకు ఆ రాత్రి ఎలా అనిపించిందో అడగడానికి ఒక్క నిమిషం దొరకలేదా? ఆమె శత్రువులను తన్ని బయటపడుతుంది కాబట్టి సరిపోయిందనడం నాకు చాలదు.

మూడో సీజన్ ఉందని ప్రకటించారు. పోరాటాలు ఇంకా పెద్దవి కావాలని, బొమ్మలు ఇంకా మెరవాలని అభిమానులు కోరుతున్నారు. సైన్స్ సారు ఆ రెండూ ఎలాగూ చేస్తుంది. నేను కోరేది ఒక్కటే: మోమోకు జరిగింది మోమో నోట వినిపించండి, ఒకారున్ పక్కన కూర్చుని వినే దృశ్యం ఒకటి తీయండి.